డాడీ అనకూడని రోజులు

ఆ శంకరంపేట ఆయన బండికి క్లచ్ వైరు కొత్తది వేశానా, పాతదే బిగించి పంపేశానా అనుకుంటూనే పరమేశ్ పెదాలు స్వామియే శరణమయ్యప్ప అంటున్నాయి, ఛీ, మళ్లీ జారింది మనసు, కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాడు, పీఠం, దీపం, అయ్యప్ప ఫొటో, అంతే, మెదక్ చౌరస్తా లేదు, మెకానిక్ షాపు లేదు, ఈ ఒక్క శరణమైనా పూర్తిగా ఆయనకే, కానీ నల్ల లుంగీ ఇంకా తడిగానే ఉంది, వంటింట్లో భార్య యశోద వేస్తున్న పోపు వాసన ముక్కుకు తగలడం లేదు, ఆ దవాఖాన వాసనే ఇంకా పోలేదు, వానాకాలంలో డెంగీ జ్వరంతో స్నిగ్ధ సగమై పడుకుని, డాడీ, ఇంటికి పోదాం పా అంటుంటే, నా బిడ్డను నిలబెట్టు స్వామీ, మాల వేసుకుని నీ కొండకొస్తా అని మొక్కుకున్నది తనే కదా, ఆయన నిలబెట్టాడు, ఇప్పుడు ఆయన ముందు తన మనసే నిలబడదు, ఎంత సిగ్గుచేటు.

మాల వేసిన నాడే గురుస్వామి రత్నాకర్ చెప్పాడు, నోటితోని కాదు స్వామీ, మనసుతోని పిలువాలె, గప్పుడే ఇంటడు, ఇగ డాడీ గీడీ బంద్, బిడ్డ గూడ స్వామీ అనే పిలువాలె, మీరు గూడ బిడ్డను స్వామీ అనే అనాలె, ఆనాటి నుంచి స్నిగ్ధ ఒక్కసారి కూడా తప్పలేదు, బుద్ధిమంతురాలు, తప్పితే బాగుండు, నోరు జారి ఒక్కసారి డాడీ అంటే బాగుండు, ఆ మాట కోసం ప్రాణం కొట్టుకుపోతోంది, ఇదేం బుద్ధి, దేవుణ్ణి పిలుస్తూ పిల్ల పిలుపు కోసం చెవులు రిక్కిస్తే మొక్కు చెల్లుతుందా, చెల్లకపోతే ఆ జ్వరం మళ్లీ, వద్దు, వద్దు, స్వామియే శరణమయ్యప్ప.

స్వామీ, ఓ స్వామీ, గడప దగ్గర స్నిగ్ధ గొంతు, శరణం సగంలోనే తెగింది, గిర్రున తిరిగాడు, ఏంది బిడ్డా, అయ్యో, జారింది తన నోరే, పిల్ల చేతిలో రిబ్బను వేలాడుతోంది, చూపు మాత్రం టీవీలో గెంతే పిల్లి మీదే ఉంది, స్వామీ స్వామీ అని నోరు దాని మానాన అది పిలుస్తోంది, ఏంది, చెప్పు అన్నాడు, ఏమో, మర్శిపోయిన స్వామీ అంటూ నవ్వింది.

రిబ్బను తీసుకుని జడకు కడుతున్నాడు, పిల్ల మనసు పిల్లి మీద ఉందని తెలిసి కూడా కోపం రాలేదేం, మనసు ఎక్కడుందో చూసుకుని తిరిగాడా తను, గొంతు వినబడగానే తిరిగాడు, ఎందుకు పిలిచిందో మరిచిపోయినా ముద్దుగానే ఉంది, మళ్లీ పీఠం ముందు కూర్చున్నాడు, క్లచ్ వైరు కొత్తదే వేశాడు, ఇప్పుడు గుర్తొచ్చింది, రానీ, స్వామియే శరణమయ్యప్ప, ఇన్నాళ్లూ ఎన్నిసార్లు మనసు లేకుండా పిలిచాడో అన్నిసార్లూ ఆయన ఏంది బిడ్డా అంటూ ఇటు తిరిగే ఉంటాడు.