బాత్రూం గడియ

నానబెట్టిన బట్టలు ఉతుకుదామని ఆమె బాత్రూంలోకి వెళ్లి తలుపు వేయబోతే గడియ లేదు. దాని చోట నాలుగు స్క్రూల బెజ్జాలున్నాయి. పోయిన వారం పడగ్గది గడియ పోయింది, ఇప్పుడిది.

"ఇంట్లో మనమేగా, గడియలెందుకు?" అన్నాడు భర్త, ఫైరింజను డ్యూటీకి బూట్లు తొడుక్కుంటూ, ఆమె వైపు చూడకుండా. అత్తగారు ఊరుకుంటేనా! "నిప్పు లేందే పొగ రాదమ్మా. మగాడు ఊరికే అనుమానిస్తాడా?"

నెల రోజులుగా ఆమె స్నానం చేస్తుంటే రెండు నిమిషాలకోసారి తలుపు కొడుతున్నాడు. "ఉన్నావా?" అంటాడు. "కిటికీలోంచి దూకి పారిపోతానా?" అని మొదట్లో నవ్వేది. పదకొండేళ్ల కాపురంలో ఆమెకంటూ మిగిలినవి ఆ పది నిమిషాలే. ఎవరూ పిలవరు, ఏదీ వడ్డించమనరు. ఏడుపొచ్చినా అక్కడే ఏడ్చేది. ఇప్పుడు దానికీ కాపలా! తనూ తక్కువ తినలేదు. తప్పు చేసినవాడే ఎదుటివాళ్లని అనుమానిస్తాడని, అతని ఫోను వెతికింది, చొక్కాలు వాసన చూసింది. పొగ వాసన తప్ప ఏమీ దొరకలేదు.

మధ్యాహ్నం, అతను మరిచిపోయిన క్యారేజీ పట్టుకుని స్టేషనుకు వెళ్లింది. గేటు దగ్గర ఫైరింజను డ్రైవరు ఒక్కడే కనిపించాడు.

"అన్నయ్యా, నిజం చెప్పండి. ఇంట్లో గడియలన్నీ ఊడబీకుతున్నారు. నా మీద మీతో ఏమన్నారు?"

డ్రైవరు మొహం మాడిపోయింది. "నీ మీద కాదమ్మా. పోయిన నెల అపార్ట్‌మెంట్ తగలబడితే, ఒకావిడ భయపడి బాత్రూంలో దూరి గడియ పెట్టుకుంది. పొగకి చెయ్యాడక తీయలేకపోయింది. మీవాడు తలుపు కొడుతూ 'ఉన్నావా' అంటే 'ఉన్నా' అనేది. గొడ్డలితో బద్దలు కొట్టేసరికి పలకలేదు. ఎవరితో అనకు, పిరికివాడంటారు. నువ్వే కాస్త ఓర్చుకో తల్లీ."

ఆమె గుండె కలుక్కుమంది. ఆ వెంటనే ఒళ్లు మండింది. దెబ్బ ఎవరికి తగిలినా ఓర్చుకునే పని ఆడదానికేనా?

తిరిగొస్తూ కొత్త గడియ కొంది. సాయంత్రం అతని కళ్లెదుటే బిగించింది. "వద్దు" అన్నాడు.

"డ్రైవరన్నయ్య అంతా చెప్పాడు. రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం. తోడొస్తాను గానీ, మందు మాత్రం నేను కాను."

లోపలికెళ్లి గడియ పెట్టుకుంది. రెండు నిమిషాలకు తలుపు చప్పుడైంది.

"ఉన్నావా?"

ఆమె నీళ్లు కట్టేసింది, తన మాట గట్టిగా వినపడాలని.

"ఉన్నాను. ఇంకో ఎనిమిది నిమిషాలు ఇక్కడే ఉంటాను."