ఏసోబు బల్ల మీది జరాలు

కోస్గిలో సమితి ఆఫీసుకు ఎదురుగా ఉండే మందుల దుకాణం పొద్దు పొడవగానే తెరుచుకునేది. ఏసోబు తలుపు రెక్కలు తీసి, చీపురు పట్టుకొని బయటికొచ్చి, బల్ల మీద కూర్చున్న జరాలను కాళ్లు ఎత్తమనేవాడు. అవి ఎత్తేవి. కింద ఊడ్చి, చెంబెడు నీళ్లు చల్లి, ఇక దించుకోమనేవాడు. అవి దించుకునేవి. ఆ తర్వాత లోపలికిపోయి సీసాల మీద దుమ్ము తుడిచేవాడు.

సగం దిగి, మిగతా సగం చావని జరం ఎక్కడికి పోతుంది పాపం? ఇంట్లోంచి బయటపడి నేరుగా ఈ బల్ల దగ్గరికే వచ్చేది. బూడిద రంగులో, మోకాళ్ల మధ్య తల పెట్టుకొని, ఎవరి జోలికీ పోకుండా కూర్చునేది. ఏది ఎవరి జరమో ఊరందరికీ తెలుసు. సమితి ఆఫీసు జవాను దుర్గయ్య తన జరం ముందు నుంచి పోతున్నప్పుడు, మాటలు మానేసిన వియ్యంకుడు ఎదురుపడ్డట్టు మొహం పక్కకు తిప్పుకునేవాడు. పక్క హోటలు ఐలేశం చాయ్ కెటిలు చల్లారకుండా రెండు జరాల మధ్య పెట్టేవాడు. ముసురు పట్టిన రోజుల్లో ఆడవాళ్లు తడి గుడ్డలు తెచ్చి ఆ బల్ల వెనక ఆరేసుకునేవాళ్లు. ఎవరైనా వచ్చి కొంచెం జరగమంటే జరిగేవి. మర్యాద విషయంలో వాటికి వంక పెట్టడానికి లేదు.

ఆ తుమ్మచెక్క బల్ల ఏసోబు చేయించింది. వాళ్ల బాపు బతికినన్నాళ్లూ ఒకటే మాట విన్నాడు. హోటల్లో, సత్రం అరుగు దగ్గర, చివరికి వాన కొడుతుంటే దుకాణం చూరు కింద కూడా అదే మాట: జాగా లేదు. జాగా ఉండేది. కళ్లెదుట ఖాళీగా కనబడేది. అయినా లేదు. బాపు తడుచుకుంటూ పోయేవాడు, వెనక చిన్న ఏసోబు కూడా తడుచుకుంటూ పోయేవాడు. అందుకే మిషన్ దవాఖానలో కాంపౌండరుగా చేసి, చేసి, సొంతంగా దుకాణం పెట్టుకున్ననాడు మందుల కన్నా ముందు బల్ల తెచ్చి వేశాడు. ఎవరొచ్చినా కూర్చోవచ్చు. ఎవరేమడిగినా తన నోట లేదన్న మాట రాకూడదని బాపు సమాధి దగ్గర ఒట్టు కూడా పెట్టుకున్నాడు.

తంటా అంతా ఆ ఒట్టుతోనే వచ్చింది. పడిశం పట్టినవాడు వచ్చి ఎర్రది, పసుపుది కలిసిన గొట్టం గోలీ ఒకటి ఇయ్యమనేవాడు. ఇచ్చేవాడు. నడుము నొప్పి అన్నా ఇచ్చేవాడు. సగమే కావాలంటే గొట్టం విప్పి సగం పొడి కాగితంలో పోసి పొట్లం కట్టేవాడు. ఆ గోలీలు పడిశాలకు ఇవ్వొద్దని, మొదలుపెడితే మొత్తం అయ్యేదాకా మింగించాలని దవాఖానలో డాక్టరు చెప్పేది అతనికి తెలియక కాదు. చెయ్యి చాపిన మనిషికి కాదనడం అతని వల్ల కాలేదు, అంతే.

కురుమవాడలో ఇంకో పద్ధతి. గొర్రెను కోస్తే అందరికీ సమానంగా పోగులు పెడతారు. కడుపుతో ఉన్నదానికి ఇంకో పోగు. మందుకూ అదే న్యాయం. ఒకరికి జరమొస్తే తెచ్చిన గొట్టం గోలీలు ఇంటిల్లిపాదీ పంచుకొని మింగేవాళ్లు, రేపు తమకు రాకుండా ఉండాలని. ఒక్కరే మింగితే మిగిలినవాళ్లకు అన్యాయం జరిగినట్టే లెక్క. అంత న్యాయంగా పంచిన మందు జరాన్ని గడప దాకా తరిమి వదిలేసేది.

మొదట్లో ఏసోబు సీసా మూత తీస్తే చాలు, బల్ల మీది జరాలు గడగడ వణుకుతూ లేచి నిలబడేవి. కొన్నేళ్లకు తల తిప్పి చూసి ఊరుకున్నాయి. ఆ తర్వాత ఆవలించడం మొదలుపెట్టాయి. పొద్దస్తమానం మందుల ఎదురుగానే కూర్చుంటే భయమెన్నాళ్లుంటుంది? వాటిలో అన్నిటికన్నా పెద్దది ఒకటుండేది. గోలీ రంగు చూసి అదేం మందో చెప్పగలదని ఐలేశం అనేవాడు.

ఏసోబు పెళ్లాం బిక్షమ్మ ఒకనాడు సద్ది తెచ్చి, బల్ల మీద తనకు జాగా దొరకక నిలబడే ఉంది. "నువ్వు మందులు అమ్ముతలేవయ్యా," అంది. "జరాలను సాకుతున్నవ్."

ఏసోబుకు చాలా కోపమొచ్చింది. నిజం కాబట్టి వచ్చింది. ఆ పూట సద్ది ముట్టలేదు.

ఆ ఏడు వానాకాలం చివర కురుమవాడ సుక్కమ్మ కోడలు గోపమ్మ ఆడపిల్లను కన్నది. పురుడైన వెంటనే జరం పట్టుకుంది. సుక్కమ్మ వచ్చి గొట్టం గోలీలు పట్టుకుపోయింది. ఆమె వెనకే బల్ల మీది పెద్ద జరం కూడా లేచి నడిచింది. ఇంట్లో గోలీలు పోగులు పెట్టారు. గోపమ్మ వంతు గోపమ్మ మింగింది. జరం వాటిని పేలాలు నమిలినట్టు నమిలేసి మంచం మీద ఇంకొంచెం వెడల్పుగా కూర్చుంది. పిల్ల పాలకు ఏడుస్తుంటే తల్లికి స్పృహ లేదు. సుక్కమ్మ కొడుకు కురుమయ్య గొంగళ్లు పరిచి, పెళ్లాన్ని బండిలో వేసుకొని నారాయణపేట దవాఖానకు పోయాడు. డాక్టరు చూసి, గోలీలకు లొంగే జరం కాదని, కొత్త సూదిమందు చీటీ రాసిచ్చాడు. రోజుకో సూది, డబ్బా మొత్తం అయ్యేదాకా ఒక్కటి కూడా తప్పకూడదని, తప్పితే మనిషి దక్కదని చెప్పాడు. ఆ మందు పేటలో ఎక్కడా దొరకక, చీటీతోనే పెళ్లాన్ని ఇంటికి తెచ్చాడు.

ఏసోబు దగ్గర ఒక్క డబ్బా ఉంది. పట్నం నుంచి బస్సులో తెప్పించి, జరాల కంటబడకుండా అలమర వెనక గుడ్డ చుట్టి దాచాడు.

సుక్కమ్మ చీటీ పట్టుకొని వచ్చేసరికి మధ్యాహ్నం. ఆ వేళకు గోపమ్మ ఒళ్లు కాస్త చల్లబడేది. కాబట్టి పెద్ద జరం కూడా ముసలమ్మ వెనకే తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి, తన పాత చోట్లో కూర్చుంది. ఈసారి ఏం మందు కొంటారో చూద్దామని కాబోలు. సరిగ్గా అప్పుడే పటేలు మున్షీ కృష్ణయ్య కూడా గొడుగు ఊపుకుంటూ దిగాడు. పటేలుకు నిన్నటి నుంచి పడిశం. ఎల్లుండి వియ్యాలవారు వస్తున్నారు, వాళ్లముందు తుమ్మితే బాగుండదు. పట్నం నుంచి కొత్త సూదిమందేదో వచ్చిందని ఆయనకు తెలిసింది.

ఏసోబు చీటీ చదివాడు. పడిశానికి ఈ మందు పనికిరాదని, దానంతటదే తగ్గుతుందని, ఈ డబ్బాతో బాలింత ప్రాణం ముడిపడి ఉందని మున్షీకి మెల్లగా చెప్పాడు. కృష్ణయ్య చెడ్డవాడేం కాదు. ఇద్దరి మాటా పోకుండా దారి చూపించాడు.

"సగం మాకియ్యి, సగం ముసలిదానికియ్యి. ఇద్దరం ఖుషీగ పోతం."

సుక్కమ్మకు కూడా అది న్యాయంగానే తోచి తలూపింది. బల్ల మీద పెద్ద జరం తలెత్తింది. అది నవ్వడం ఏసోబు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. పక్కకు జరిగి, మున్షీకి చోటు చేసి, కూర్చోమన్నట్టు బల్ల మీద అరచేత్తో తట్టింది. ఏసోబు అలమరకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ఇన్నేళ్లూ తాను పొట్లం కట్టి ఇచ్చిన ప్రతి సగమూ ఈ నవ్వుకేనా పెట్టింది?

"సగం లేదు మున్షీ సాబు," అన్నాడు. "ఈ డబ్బా గోపమ్మది."

కృష్ణయ్యకు మొదట అర్థం కాలేదు. ఏసోబు నోట ఆ మాట ఎవరూ విని ఉండలేదు మరి. "ఎవరి జాగల దుకాణం పెట్టుకున్నవో యాదికున్నదా?" అన్నాడు గొంతు తగ్గించి.

"యాదికున్నది. జాగ పటేలుది. మందు నాది. ఇయ్య."

బల్ల మీది జరాలన్నీ దిగ్గున లేచి నిలబడ్డాయి. పూర్వం మూత తీసినప్పుడు నిలబడ్డట్టే, వణుకుతూ. ఐలేశం వచ్చి తన కెటిలు ఒరిగిపోకుండా తీసుకుపోయాడు. మున్షీ గొడుగు ముడిచి వెళ్లిపోయాడు.

సుక్కమ్మ సంతోషంగా కొంగు పట్టింది. ఏసోబు డబ్బా ఇవ్వలేదు.

"నీ చేతికియ్య అవ్వా. ఇస్తె పోగులు పెడ్తవ్. నేనే వచ్చి సూదిస్త."

"ఇంట్లకా?"

"ఇంట్లకే. మంచం కాడికి."

ఆ వాడలో ఏసోబు కులంవాళ్లెవరూ వాకిలి దాటి ఎరగరు. సుక్కమ్మ ఒకసారి తన వాడ వైపు చూసింది. ఇంట్లో పసిపిల్ల ఆకలి ఏడుపు ఆమె చెవుల్లోనే ఉంది.

"చెప్పులు బయట ఇడ్సి రా," అంది చివరికి. "బాలింత ఉన్నది."

మర్నాడే పటేలు మనుషులు వచ్చి అలమర తెచ్చి నడిబజారులో పెట్టి దుకాణానికి తాళమేశారు. బిక్షమ్మ ఏడుస్తుందని చూడ్డానికి జనం పోగయ్యారు. ఆమె కొంగు బిగించి, అలమర కోసం వస్తున్న కురుమయ్య బండికి ఎదురుపోయి, అలమర ఒకవైపు తానే పట్టి ఎక్కించింది. బల్లను మాత్రం నెత్తిన పెట్టుకొని, జనం మధ్య నుంచే నడిచి పోయింది. కూర్చోవడానికేమీ లేక జరాలు కొన్నాళ్లు బజార్లో అటూ ఇటూ తచ్చాడాయి. దుకాణం కురుమవాడ అంచున, గొర్రెల దొడ్డి పక్కన పందిరి కింద తెరుచుకుంది.

ఏసోబు రోజూ చెప్పులు విడిచి లోపలికి పోయేవాడు. సూది ఉడకబెట్టి, మందు ఎక్కించేవాడు. కొన్ని సూదులకే గోపమ్మ కళ్లు తెరిచి పిల్లను అడిగింది. ఇల్లంతా తేలికపడింది. కురుమయ్య మొహమాటంగా దగ్గరికొచ్చి, జరం దిగింది గదన్నా, మిగిలిన సూదులు కుంటుతున్న పొట్టేలుకు పొడుద్దామా అన్నాడు.

"దిగలే," అన్నాడు ఏసోబు. "గడప కాడ కూసున్నది, సూడు."

నిజమే. పెద్ద జరం గడప మీద మోకాళ్లు ముడుచుకొని, వీళ్లెప్పుడు చాలనుకుంటారా అని చూస్తోంది. సుక్కమ్మ ఆనాటి నుంచి గొర్రెల కర్ర అడ్డం పెట్టుకొని మంచం దగ్గరే కూర్చుంది. సూదిమందులో పోగు అడగడానికి వచ్చిన ఆడబిడ్డను కూడా ఆ కర్రతోనే వాకిట్లోకి పంపింది.

డబ్బా అడుగంటిన రోజు జరం గడప దిగింది. గాలి కొడితే అవతలి గోడ కనబడేంత పలచగా అయింది. ముందు సమితి ఆఫీసు దగ్గరికి పోయింది. అక్కడ బల్ల లేదు. వెతుక్కుంటూ వెతుక్కుంటూ మళ్లీ కురుమవాడకు వచ్చింది.

పందిరి కింద బల్ల మీద ఒక చివర గోపమ్మ పిల్లకు పాలిస్తోంది. ఇంకో చివర సుక్కమ్మ ఉన్ని వడుకుతోంది. మధ్యలో ఏసోబు, బిక్షమ్మ. ఆ పూటే ఐలేశం చీదుకుంటూ గొట్టం గోలీకి వస్తే ఏసోబు లేదని పంపేశాడు. ఐలేశం తిట్టుకుంటూ పోయాడు. జరం వచ్చి వాళ్ల ముందు ఒద్దికగా నిలబడింది. ఎప్పుడూ ఎవరో ఒకరు జరిగేవాళ్లు. ఈసారీ జరుగుతారని ఎదురుచూసింది.

గోపమ్మ పిల్లను గుండెకు ఇంకా దగ్గరగా అదుముకుంది.

ఏసోబుకు బాపు తడిసిన వీపు కనబడింది. పుట్టినప్పటి నుంచి తాను అసహ్యించుకున్న మాట నాలుక చివరికి వచ్చింది. ఆ మాటను మనుషుల మీద వాడినవాళ్లను అతను ఏనాడూ క్షమించలేదు, ఇప్పుడూ క్షమించడు. కానీ వాడాల్సిన చోటు ఇన్నాళ్లకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"జాగా లేదు," అన్నాడు.

అన్ని మందులూ ఎరిగిన జరం ఈ ఒక్క మందును ఎరగదు. ఒకసారి బల్లను, ఒకసారి తన కాళ్లను చూసుకుంది. కాళ్లు అప్పటికే లేవు. దొడ్డిలోంచి గొర్రెలు బయటికొచ్చి, అది నిలబడ్డ చోటు మీదుగా దుమ్ము రేపుకుంటూ మేతకు పోయాయి. దుమ్ము అణిగాక అక్కడేమీ లేదు.

ఏసోబు బల్ల మీద కాళ్లు చాపుకున్నాడు.