గోదావరిఖనికి వచ్చిన సముద్రపు కొంగ

రఘుపతికి పిట్టల పిచ్చి కొత్తగా పట్టింది. బొగ్గు గనిలో షావెల్ యంత్రం నడిపే మనిషి మెడలో బైనాక్యులర్స్ వేలాడేసుకుని తిరుగుతుంటే కాలనీ జనం ముసిముసిగా నవ్వుతున్నారని అతనికి తెలుసు. వాళ్ల చోట తానున్నా నవ్వేవాడే. ఆదివారం డ్యూటీకి పోతే రెట్టింపు జీతం. అది వదులుకుని పొదల్లో నక్కే మొగుణ్ని జమున ఇంట్లోంచి వెళ్లగొట్టలేదంటే అది ఆమె మంచితనం.

పెద్దపల్లిలో పక్షులు చూసేవాళ్ల బృందం ఒకటుంది. లెక్చరర్ సుహాసిని దాన్ని నడిపిస్తుంది. చలికాలం వస్తే చాలు, అరుదైన పిట్టల కోసం వాళ్లు చెరువులన్నీ గాలిస్తారు. రఘుపతీ వెంట పోతాడు. కానీ వాళ్లు ఒక్కసారైనా అతని ఊరి వైపు రాలేదు. "ఆ దుమ్ములో పిట్టలేముంటాయండీ?" అని ఎవరో అన్న మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. ఎలాగైనా వీళ్లను ఇక్కడికి రప్పించాలనుకున్నాడు. ఆ పంతమే కొంప ముంచింది.

ఒక పొద్దున, బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్డు పక్క మడుగులో నల్ల కొంగ కనబడింది. రఘుపతి ఆత్రంగా పుస్తకం తిరగేశాడు. ఆ రంగు కొంగ సముద్రపు ఒడ్డునే ఉంటుందట, ఇంత లోపలికి రావడం బహు అరుదట. బంగాళాఖాతం ఎక్కడ, గోదావరిఖని ఎక్కడ! ఇంకొకడైతే అనుమానపడేవాడు. రఘుపతి మాత్రం పొగమంచులో మసక ఫొటో తీసి, వెంటనే వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు.

ఆదివారం బృందమంతా కెమెరాలతో దిగింది. రఘుపతి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురెళ్లాడు. కొంగ రోడ్డు అంచునే నిక్షేపంగా నిలబడి ఉంది.

"చూడుండ్రి మేడం, సముద్రం కాడికెల్లి వచ్చింది," అన్నాడు, తానే టికెట్ కొనిచ్చి రప్పించినట్టు.

అంతలో దుమ్ము లేవకుండా రోడ్డు తడిపే నీళ్ల ట్యాంకర్ వచ్చింది. నేల తడిస్తే పురుగులు బయటికొస్తాయని కొంగకు బాగా తెలిసినట్టుంది, పారిపోకుండా నీళ్ల జల్లు కిందికే పోయింది. ట్యాంకర్ దాటాక ఒళ్లు దులుపుకుంది. మెడ మీంచి నల్లటి నీళ్లు కారాయి. మళ్లీ దులుపుకుంది. ప్రతి పొలంలోనూ కనబడే మామూలు తెల్లకొంగ!

ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ నవ్వారు. ఆరేసిన తెల్ల బనీను సాయంత్రానికి ఏ రంగుకు తిరుగుతుందో పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మనిషి, కొంగ దగ్గరికొచ్చేసరికి ఆ సంగతే మరిచిపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఇక వీళ్లు జన్మలో ఈ దిక్కు రారనుకున్నాడు.

సుహాసిని మాత్రం కొంగనే చూస్తోంది. "ఇది మళ్లీ నల్లబడాలంటే ఎన్నాళ్లు పడుతుంది రఘుపతి గారూ?"

"ఎన్నాళ్లెందుకు మేడం, ఒక్క షిఫ్టు చాలు."

నవ్వులు ఆగిపోయాయి. ఒకాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకోబోయి, రఘుపతిని చూసి జేబులో పెట్టేసుకున్నాడు.

"వచ్చే ఆదివారం కూడా వస్తాం," అంది సుహాసిని. "అరుదైనవేమీ వద్దు. ఇక్కడున్న పిట్టలనే చూపించండి."

ఇంటికి రాగానే జమున అడిగింది. "దొరికిందా నీ సముద్రపు కొంగ?"

"మన తెల్లకొంగనే. బొగ్గు పట్టింది."

జమున పొట్ట పట్టుకుని నవ్వింది. "గీ తెల్లకొంగను చూడనీకి గంతమంది వచ్చిండ్రా?"

"వచ్చిండ్రు. మల్ల గూడ వస్తరట, మన దిక్కే," అన్నాడు రఘుపతి. పొద్దుటి అవమానం ఎటు పోయిందో గానీ, బైనాక్యులర్స్ అద్దాలకు పట్టిన బొగ్గు దుమ్మును అప్పుడే తుడవడం మొదలుపెట్టాడు.