పారబోసిన మడ్డి

రాజమణి వాళ్ల గల్లీలో నల్లా ఎప్పుడొస్తుందో నల్లాకే తెలియదు, వచ్చినా బురద వెంటబెట్టుకొని వస్తుంది. అందుకే ఆ ఇంట్లో పద్ధతి ఒకటే. రాత్రి పట్టిన నీళ్లు కదపకుండా ఉంచి, పొద్దున్నే పై తేట బిందెల్లోకి వంచుకొని, అడుగు మడ్డి మోరీలో పారబోయాలి. కూతురు సుజనకు ఊహ తెలిసినప్పటినుంచీ ఈ పని అలవాటు. ఆ అలవాటే కొంప ముంచింది.

సుజనది సముద్రపు నీళ్ల పరిశోధన. కాకినాడ తీరంలో, పైపై నీళ్లలో ఫైటోప్లాంక్టన్ ఉంటుంది. అంటే కంటికి కనిపించని మొక్కలు. ఎండాకాలం ఒక రకానివి ఉంటే, వానాకాలం వరదనీరు కలిసేసరికి వేరే రకాలు వస్తాయి. ఆ మార్పు చూపించాలి. కార్వాన్ బస్తీ నుంచి ల్యాబ్‌కు వచ్చే తోటి స్కాలర్ మాహిరా పడవలో వాంతులు చేసుకుంటూ వానాకాలపు సీసాలు నింపుకొచ్చింది. అయోడిన్ వేసి కదపకుండా పెడితే మొక్కలన్నీ అడుక్కి దిగుతాయి. ల్యాబ్ పక్కన డ్రిల్లింగ్ అదురుకు భయపడి, సుజన వాటిని సంతోష్‌నగర్‌లో తన ఇంటి వంటగట్టు మీద పెట్టుకుంది. ముట్టొద్దని తల్లికి పదిసార్లు చెప్పింది.

ముట్టింది తనే. పొద్దున నిద్రకళ్లతో బిందెలు నింపుతూ నింపుతూ, అదే ఊపులో సీసాలూ వంచేసింది. తేట దాచింది, మడ్డి మోరీలో పోసింది. చదువు తలలో ఉంది కానీ చేతులు ఇంటివే కదా! మళ్లీ వానాకాలం దాకా ఆగాల్సిందే.

మాహిరాకు ఫోన్ చేసి ఏం చెప్పిందనుకున్నారు? "మా అమ్మ పారబోసింది." పక్కనే బియ్యం కడుగుతున్న రాజమణి విన్నది. కడిగిన బియ్యం ఎసట్లో పోసింది.

మాహిరా పరుగున వచ్చింది. ఆమె నోరు తెరవకముందే రాజమణి రెండు చేతులూ జోడించింది.

"తప్పు నాదే బిడ్డా. మడ్డి చూసి గలీజ్ అనుకున్న. మస్తు కష్టపడి తెచ్చినవంట."

"అయ్యో ఆంటీ, గట్ల దండం పెట్టకుండ్రి. మీకేం ఎరుక? ఫికర్ చెయ్యకుండ్రి," అంటూ మాహిరా ఆ చేతులు పట్టుకుంది.

సుజన తేలు కుట్టిన దొంగలా నిలబడింది. తల్లి ఇంకా బతిమాలుతూనే ఉంది. ఆ గొంతు ఇక వినలేకపోయింది.

"అమ్మ కాదు. నేనే పారబోసిన."

"నువ్వు ఊకో!" అంది రాజమణి గాభరాగా.

మాహిరా సీసాల వంక చూడలేదు. నీళ్లు పోయినందుకు తిట్టలేదు. రాజమణి చేతులు వదలకుండానే సుజనను అడిగింది.

"పక్కన నిలబడి, అమ్మతోని నాకు దండం పెట్టించినవా?"