పదో కరెంటు

ఆ పొద్దున తూర్పు ఎర్రబడలేదు. ఆకాశం బూడిద పూసుకుని కూర్చుంది. ఫిబ్రవరిలో మబ్బేమిటని ఊరంతా కల్లాలవైపు పరిగెత్తింది. రామాంజనేయులు కల్లంలోనూ నాలుగెకరాల మిరపకాయ ఆరబోసి ఉంది. తడిస్తే కాయంతా తెల్లబడి తాలైపోతుంది.

అతని పెళ్లాం కోటేశ్వరి అన్నం, పప్పు వండి, మూతలు పెట్టి, సంచీ అందుకుంది.

"ఏమేవ్, ఎక్కడికి? కాయ మీద కప్పే పట్టాలెవరు పడతారు?" అన్నాడు మొగుడు. "ఇవాళొక్కరోజు నాగా పెడితే కొంపలేం మునగవు."

"మా రోజుల్లో ఆడది దగ్గొచ్చినా కొంగు నోట్లో కుక్కుకునేది," అంది అత్త సుబ్బరావమ్మ.

కోటేశ్వరికి నాలుక మొదట్లో గడ్డ. క్యాన్సరన్నారు. రెండు వారాలుగా పొద్దున్నే గుంటూరు ఆసుపత్రికి పోయి కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవడం, మధ్యాహ్నం బస్సుకి వచ్చి కల్లంలో వంగడం. పుండైన నోరు మిరప ఘాటుకి మండిపోతోందంటే, "ఘాటు లేని కాయ ఎవడు కొంటాడే?" అని నవ్వాడు మొగుడు. ఇవాళ పదో కరెంటు. ఇవాళే కొత్తరకం ఎమ్మారై తియ్యాలన్నాడు డాక్టరు. గడ్డలో నీళ్లు కదిలే తీరు చూస్తారట. గడ్డ చస్తుంటే నీళ్లు వదులుగా కదులుతాయి, చావకపోతే బిగిసే ఉంటాయి. కరెంటుకి లొంగుతుందో లేదో ఇప్పుడే తెలియాలి, ముప్పై కరెంట్లూ అయ్యాక తెలిసి లాభం లేదన్నాడు.

గుమ్మంలో ఆగింది. "మందు కొట్టిన మూడోనాడు ఆకు తిరగేసి చూస్తావు. పురుగు చావకపోతే మందు మారుస్తావు. కోతలయ్యాక చూద్దామని ఎప్పుడన్నా ఊరుకున్నావా?"

అతను పట్టా భుజానేసుకుని కల్లంవైపు కదిలాడు. ఆమె బస్సెక్కింది.

ఆసుపత్రిలో ఆ ఎమ్మారై గొట్టంలో కదలొద్దన్నారు, మింగొద్దన్నారు. చుట్టూ రేకులు బాదుతున్నట్టు మోత. కాపురానికొచ్చిన ఇరవై రెండేళ్లలో ఏ పనీ చెప్పకుండా తనను పడుకోమన్నది ఈ మిషనొక్కటే. అంత భయంలోనూ నవ్వొచ్చింది. కదిలితే బొమ్మ చెడుతుందని ఆపుకుంది.

"బిగిసే ఉందమ్మా," అన్నాడు డాక్టరు, తెరమీద నల్లమచ్చ చూపిస్తూ.

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరింది. వానకి సగం కాయ తడిసింది. తల్లీకొడుకులు అరుగుమీద నీరసంగా కూర్చున్నారు. పొద్దున వండిన గిన్నెల మూతలు ఎవరూ తియ్యలేదు. వడ్డించే మనిషి ఊళ్లో లేదు మరి.

ఆమె మూడు కంచాలు పెట్టింది. తనూ కూర్చుని, మజ్జిగన్నం మెత్తగా పిసుక్కుంది.

"లొంగలేదంట. కరెంటు ఆపి ఆపరేషన్ చేస్తారంట. మాట పోవచ్చన్నారు. ఎల్లుండి చేరతానని సంతకం పెట్టి వచ్చాను."

సుబ్బరావమ్మ నోటిదాకా వచ్చిన ముద్ద ఆగి, మళ్లీ కదిలింది. పప్పు కోసం రామాంజనేయులు తలెత్తి ఆమెవైపు చూశాడు. ఆమె కంచంలోంచి తల ఎత్తలేదు. కాసేపు చూసి, అతనే గరిటె అందుకున్నాడు.