ముడుచుకునే పొలం

తెల్లవారగానే బతాసీ పొయ్యి రాజేసి, బార్లీ రొట్టెలు కాల్చి, గట్టు మీదికి వెళ్లి పొలంతో మాట్లాడేది. ఏం గొప్ప మాటలు కావు. నిన్న పప్పులో ఉప్పెక్కువైందనీ, మేక ఈనబోతోందనీ, ఎదురింటి ఫుందన్ మళ్లీ పెళ్లాంతో కొట్లాడాడనీ. పొలం వింటూ వింటూ ఒళ్లు విరుచుకుని, బావి దాటి తుమ్మచెట్ల దాకా పరుచుకునేది. అప్పుడు కోడలు నథియా నీళ్లు తోడడానికి బావి దగ్గర ఎద్దుల్ని కట్టేది.

భయపడితే ఆ పొలం ముడుచుకునేది. వడగళ్లు పడ్డప్పుడు, సైన్యం గుర్రాలు ఆ దారిన పోయినప్పుడు, కొత్తవాళ్లు గట్టెక్కినప్పుడు, చలికి పసిపిల్ల కాళ్లు దగ్గరకు తీసుకున్నట్టు అంచులు లోపలికి లాక్కునేది. వదిలేసిన నేల అరచేతిలా నున్నగా, గడ్డిపరక లేకుండా మిగిలేది. యమున ఒడ్డు ఊళ్లలో ఒక్కో పొలానికి ఒక్కో గుణం. దీనిది ఇది.

ఇన్నేళ్లూ దాంతో ఏ చిక్కూ రాలేదు. సర్కారు కొలత జనపతాడుతో సాగేది. పొద్దుటి మంచుకు తాడు బిగుసుకునేది, మనుషుల్ని చూసి పొలం ముడుచుకునేది. ఎండెక్కితే రెండూ సాగేవి. లెక్క ఎప్పుడూ ఒకటే వచ్చేది.

"తాడూ పొలమూ తోడుదొంగలు" అని ఊరి భూముల లెక్క రాసే పట్వారీ నవ్వేవాడు.

ఇప్పుడు ఆగ్రా నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. తాడు వద్దు, ఇనుప కడియాలతో కలిపిన వెదురు గడలతో కొలవాలి. వెదురు మంచుకు బిగుసుకోదు, ఎండకు సాగదు. ఒకసారి కొలిచి రాస్తే పదేళ్లదాకా అదే ఖాయం. కొలతలో పడని నేల బంజరు. బంజరు ఎవరికివ్వాలో ఊరిపెద్ద చెబుతాడు.

ఊరిపెద్ద భోపత్ బావిలో నీళ్లు ఉప్పన. ఊళ్లో చాలా బావులు అంతే. బతాసీ బావి నీళ్లు మాత్రం తియ్యన.

భోపత్ ఒక సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "ఏం పెద్దమ్మా, రేపు కొలతలకి సర్కారు అమీన్ వస్తున్నాడు. నీ పొలం ధైర్యంగా ఉంటుందా?"

"నీ ముఖం చూపించకపోతే ఉంటుందిలే" అంది నథియా లోపలి నుంచి.

"నోరు చూశావా పెద్దమ్మా, నీ కోడలికి!"

బతాసీ నవ్వింది. కానీ ఆ నవ్వు ఆలస్యంగా వచ్చింది. ఈమధ్య ఆమెకు అన్నీ అలాగే వస్తున్నాయి, కొన్ని రావడమే లేదు. చేతిలో గరిటె పట్టుకుని గరిటె కోసం ఇల్లంతా వెతుకుతుంది. కొడుకు జ్వరంతో పోయి రెండేళ్లయినా, వాడికని రొట్టె దాచిపెడుతుంది. బావి పోతే బార్లీ పండదు, బార్లీ లేకపోతే ఇద్దరికీ పూట గడవదు. ఆ బావిని పొలంలో నిలపగలిగింది బతాసీ గొంతు ఒక్కటే. నథియా పొలంతో ఏనాడూ మాట్లాడలేదు. మట్టితో కబుర్లు చెప్పే తీరిక ఆమెకెక్కడిది?

మర్నాడు అమీన్ ఇనాయత్ శాలువా కప్పుకుని, తుమ్ముకుంటూ వచ్చాడు. పొలం సంగతి నథియా ముందే చెప్పింది.

"భయపడుతుందా? మథుర అవతల ఒక పొలానికి నిద్రలో పొర్లే అలవాటుంది తల్లీ. అయినా నా చేతిలో ఏముంది? వెదురు ఎంత చెబితే అంత రాస్తాను."

ఇనుప కడియాలు గణగణమన్నాయి. పొలం వణికింది. బతాసీ గట్టు మీద కూర్చుని మొదలుపెట్టింది. "బెదరకే. కొలుస్తారు, పోతారు. నిన్న మన మేక..."

ఆగింది. "మన మేక..." కోడలి వైపు చూసింది. "మేకకేమైంది?"

"ఈనింది అత్తా. రెండు పిల్లలు."

"ఎవరి మేక?"

పొలం అంచు తుమ్మచెట్లను వదిలేసింది.

"అత్తా, చెప్పు. ఏదో ఒకటి చెప్పు!"

బతాసీ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. "నువ్వు ఎవరి పిల్లవమ్మా?"

అంచు బావి గట్టు దాటి లోపలికి వచ్చేసింది. భోపత్ వెళ్లి ఆ నున్నటి నేల మీద కాలు పెట్టాడు. "ఇక్కడిదాకా బంజరే. రాసుకోండి హుజూర్."

నథియా గొంతుక్కూర్చుని రెండు చేతులూ మట్టికి ఆనించింది.

"ఏయ్, ఎక్కడికి పోతున్నావ్? ఆవిడ మాటలు అయిపోయాయి, విన్నావుగా. ఇక రావు. పొద్దున పిడక అనుకుని పొయ్యిలో దువ్వెన పెట్టింది. ఎటైనా వెళ్లిపోతుందేమోనని ఆవిడ కొంగుకు నా కొంగు ముడేసుకుని పడుకుంటున్నాను. నాకు భయం లేదనుకున్నావా? ముడుచుకోవడం నాకు మాత్రం రాదా? నేనూ ముడుచుకుంటే ఆవిడకి అన్నం ఎవరు పెడతారు, నువ్వు పెడతావా?"

ఇంకా చాలా తిట్టింది. తిడుతూనే ఏడ్చింది. పొలం ఆగింది. తర్వాత మెల్లగా, బావిని కలుపుకుని, భోపత్ కాలి కింద నుంచి సాగింది. అతను తూలి కూలబడ్డాడు. అంచు తుమ్మచెట్ల దాకా వెళ్లి నిలిచింది. వెదురు గడలు దాని వెంటే నడిచాయి.

"ఎవరి పేరు రాయమంటారు?" అన్నాడు పట్వారీ.

"ఎవరి మాట వింటుందో వాళ్ల పేరు" అన్నాడు అమీన్ ముక్కు తుడుచుకుంటూ.

భోపత్ దుమ్ము దులుపుకుంటూ లేచాడు. "అత్త బతికుండగా కోడలి పేరా?"

"అయితే ఈ పొలం ఎవరిదో ఆ అత్తనే అడుగు" అన్నాడు అమీన్.

ఎవరూ అడగలేదు. పట్వారీ నథియా పేరు రాశాడు.

తర్వాతి ఉదయాల్లో నథియా ఎద్దుల్ని కడుతూనే పొలాన్ని నాలుగు తిట్టేది. అది బుద్ధిగా పరుచుకునేది. ఒకరోజు బతాసీ కర్ర పట్టుకుని వచ్చి గట్టు దిగింది. ఆమె పాదం కింద నుంచి పొలం చప్పున వెనక్కి జరిగింది. ఇంకో అడుగు వేసింది. ఇంకా జరిగింది. బతాసీ నున్నటి నేల మీద నిలబడి చుట్టూ చూసింది.

"ఎవరి పొలమమ్మా ఇది? కొత్తవాళ్లంటే భయంలా ఉందే."

నథియా చేతిలోంచి పలుపు జారిపోయింది. "మనదే అత్తా."

"మనదా!" బతాసీ ముఖం విప్పారింది. చప్పుడు కాకుండా, ఒక్కో అడుగే వెనక్కి వేసుకుంటూ గట్టెక్కింది. "అయితే నేను లోపలికి రానులే. పాపం, బెదురుతోంది."