మొదలు నాది, కంచె ఆయనది

నెవాడాలోని మా ఇంట్లో గుర్రాల పని నేనూ మా ఆయనా ఎప్పుడో పంచుకున్నాం. మొదలు నాది, కంచె ఆయనది. మూడేళ్ళ గుర్రప్పిల్లకి నోట్లో ఇనుము పెట్టకుండా పచ్చితోలు ముక్కుపట్టీ వేసి, ఆగమంటే ఆగడం, తిరగమంటే తిరగడం, పశువు కదిలేలోపే అది ఎటు కదలబోతోందో పసిగట్టడం నేను నేర్పుతాను. ఒక్కో గుర్రానికి ఏళ్ళు పడతాయి. తీరా కళ్ళెం వేసే రోజుకి మా ఆరిన్ వచ్చి పగ్గాలు అందుకుంటాడు. పోటీలకు ఎక్కేది ఆయన, చప్పట్లు ఆయనకి. నేను కంచె బయట నిలబడి, గాలికి ఆయన టోపీ ఎగిరిపోతే ఏరుకొస్తాను.

పెళ్ళైన కొత్తలో ఇలా లేదు. అప్పట్లో నేనూ పోటీల్లో కంచె పరుగు తీసేదాన్ని. మైదానం చివర ఒంటరి పెయ్యని కాసేపు కదలకుండా నిలిపి, తర్వాత కంచె వెంట వదలాలి. అది ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెడుతుంది. మన గుర్రం దాన్ని దాటిపోయి, అడ్డంపడి, వెనక్కి తిప్పాలి. అటొకసారి, ఇటొకసారి. ఆ తర్వాత నడిమికి తెచ్చి చుట్లు తిప్పాలి. మూడో వేసవిలో ఒక నల్ల పెయ్య తిరగాల్సింది పోయి నా గుర్రం కాళ్ళ కిందికే దూరింది. గుర్రం పల్టీ కొట్టింది. దాని కింద నేను. భుజం ఎముకా, పక్కటెముకలూ విరిగాయి. అవి అతుక్కున్నాక మళ్ళీ జీను వేయబోతుంటే ఆరిన్ నా చేతిలోంచి పగ్గాలు తీసేసుకుని, "కంచె నాకొదిలెయ్" అన్నాడు. ఇంకో మాట లేదు.

వదిలేశాను. కోపం రాలేదని మాత్రం చెప్పను. ఒక్కసారి పడినందుకు నా మీద నమ్మకం పోయిందనుకున్నాను. నా చేతుల్లో తయారైన గుర్రం ఆయన కింద పరుగెడుతుంటే గర్వంగానూ ఉండేది, కడుపూ మండేది. పైకి నవ్వుతూ టోపీ అందించేదాన్ని.

అలా ఏళ్ళు గడిచాక మా దొడ్లో పలోమా పుట్టింది. గోధుమ రంగు ఒళ్ళు, నల్ల జూలు. ఇంత తెలివైన ఆడగుర్రాన్ని నేను నెవాడాలో ఇంకెక్కడా చూడలేదు. నాకా అరవై ఏడు నిండాయి. దీని మీద ఒక్కసారైనా కంచె పరుగు తీయకుండా పోతే నా బతుకులో ఒక వెలితి మిగిలిపోతుందని తెలుసు. అడగడానికి నోరు రాలేదు.

ఈ వసంతంలో ఆరిన్ కాఫీ కప్పులో కాకుండా కప్పు పక్కన పోయడం మొదలుపెట్టాడు. తప్పు కప్పుదన్నాడు. దొడ్లో ఎడమ పక్క నుంచి పెయ్యలు జారిపోతుంటే పలోమాయే తనంతట తను అడ్డుకుని పరువు కాపాడుతోంది. ఒకరోజు గేటు స్తంభానికి మోకాలు కొట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు.

"ఏ కన్ను?" అన్నాను.

"ఏ కన్నేంటే?"

"నీకున్నవి రెండేగా. ఏది కనపడట్లేదు?"

కాసేపు స్తంభాన్ని తిట్టి, చివరికి ఒప్పుకున్నాడు. ఎడమది. నడిమి చూపు పోయిందట. డాక్టరు ఎప్పుడో చలికాలంలోనే చెప్పాడట. కుడి కంటితో, ఎడమ కంటి అంచుల్లో కనబడేదానితో బండి లాగిస్తున్నాడు.

"అయితే జాతర పోటీలో నువ్వెక్కడానికి వీల్లేదు."

"పేరిచ్చేశాను."

"ఎడమ పక్క పెయ్య వచ్చి మీద పడితే? నువ్వు పోతే పోతావ్, నా గుర్రం కాళ్ళు విరుగుతాయి."

"నీ గుర్రమా?"

"కాక? నేర్పిందెవరు? నా పేరు రాయించు. నేనెక్కుతాను."

"కుదరదు" అని లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు మా ఇంట్లో గుర్రాలే మాట్లాడుకున్నాయి.

కౌంటీ జాతర రోజు పొద్దున్నే వెళ్ళాం. ఎండ ఇంకా కొండల మీదే ఉంది. మా పొరుగువాడు ఫెర్మిన్, గొర్రెల మంద వదిలేసి మరీ వచ్చి, పొయ్యి దగ్గర మాంసం కాలుస్తూ నన్ను చూసి ఇకిలించాడు.

"ఏం వదినా, కాలు వణకట్లేదా?"

"నాకెందుకు వణుకుతుంది? ఎక్కేది ఆయన."

"అలాగా? సరే, కాఫీ తీసుకెళ్ళు."

వాడి నవ్వు నాకు నచ్చలేదు. రెండు కాఫీలు పట్టుకుని, గుర్రాన్ని తెచ్చిన ట్రైలరు దగ్గరికి వెళ్ళాను. పలోమా మీద నా జీను ఉంది. ఆరిన్ దాదాపు తోలుకి ముక్కు ఆనించి, వేళ్ళతో తడుముకుంటూ రికాబు పట్టీ పొట్టి చేస్తున్నాడు.

"ఇదేంటి?" అన్నాను.

"నీ కాళ్ళు పొట్టివైతే నేనేం చెయ్యను? బిగించాల్సిందే."

"పేరు?"

"నిన్ననే మార్పించాను. ఫెర్మిన్‌గాణ్ణి నీకు చెప్పొద్దన్నాను. చెప్పేశాడా?"

ఆనందపడాలో, కాఫీ నెత్తిన పోయాలో తెలియలేదు. "ఇన్నేళ్ళూ నా మీద లేని నమ్మకం ఇవ్వాళ ఎక్కడినుంచి ఊడిపడింది?" అన్నాను.

ఆయన చేతులు ఆగిపోయాయి. "నమ్మకమేంటే? ఆ రోజు నేను కంచె దూకి వచ్చేసరికి నువ్వు కదలట్లేదు. పేరు పెట్టి పిలిస్తే పలకలేదు. అలాంటిది ఇంకోసారి చూడలేననుకున్నాను. అంతే. నీకు రాదని ఎవరన్నారు?"

"మరి చెప్పలేదేం?"

"నువ్వడగలేదుగా."

"మరిప్పుడో?"

"ఇప్పుడు కన్ను సరిగా కనబడదుగా" అన్నాడు. "ఎక్కు."

ఎక్కాను. ఇంకేమైనా మాట్లాడితే ఏడ్చేసేదాన్ని.

నా వంతుకి పడింది ముఖాన మచ్చలున్న ఎర్ర పెయ్య. చివర్న నిలిపినప్పుడు బాగానే ఆగింది. తర్వాత కంచె వెంట వదిలాను. గాలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, టోపీ ఎప్పుడు పోయిందో తెలియదు. పలోమా చెవులు వెనక్కి అతికించి పెయ్యని దాటేసింది, కూర్చున్నట్టే వెనక కాళ్ళ మీదికి దిగి తిప్పేసింది. రెండో వైపు ఒక్క అడుగు ఆలస్యం చేశాను. పెయ్య తల దించి మా కాళ్ళ కిందికే వచ్చింది, అచ్చం ఆనాటి నల్లదానిలాగే. పగ్గాలు లాగకుండా ఊరుకోవడం ఒక్కటే చేశాను. నేను నేర్పినట్టే పలోమా ఉన్నచోట ఆగిపోయి, దాన్ని పోనిచ్చి, మళ్ళీ అందుకుని తిప్పింది. చుట్లు తిప్పుతుంటే నేను నవ్వుతున్నానని అప్పుడు తెలిసింది.

నాలుగో స్థానం. నాకది చాలు.

బయటికి వచ్చేసరికి ఆరిన్ రెండు చేతులతో కంచె కమ్మీ పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నాడు.

"చూడు వదినా ఈయన్ని" అన్నాడు ఫెర్మిన్. "బాగున్న కన్ను కూడా తెరవలేదు. ఏం జరుగుతోందో నేను చెప్తానంటే నోర్ముయ్యమన్నాడు."

"రెండో మలుపు దగ్గర ఆలస్యం చేశావు" అన్నాడు ఆరిన్, కళ్ళు తెరవకుండానే.

"నీకెలా తెలుసు?"

"డెక్కల చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ వినబడేదాకా నేనిక్కడ చచ్చిపోయాను."

నేను దిగి ఆయన పక్కన నిలబడ్డాను.

"ఈ కంచె బయట నేను ఇన్నేళ్ళు నిలబడ్డాను ఆరిన్" అన్నాను. "కళ్ళు తెరుచుకుని."

ఆయన కళ్ళు తెరిచి నా వైపు తిరిగాడు. ఆ సంగతి ఆయనకి ఎప్పుడూ తట్టలేదని మొహం చూస్తేనే తెలిసింది.

"ఎలా చూశావే?" అన్నాడు మెల్లగా.

"అలవాటవుతుంది. వచ్చే నెల ఇంకో పోటీ ఉంది. ఈసారి ఒక్క కన్నైనా తెరిచి చూడు."

ఆయన తల ఊపి, గేటు తీసుకుని, నా టోపీ కోసం మైదానంలోకి నడిచాడు. అది ఎక్కడుందో నాకు కనబడుతూనే ఉంది.

"ఎడమకి," అని అరిచాను. "ఇంకా ఎడమకయ్యా."